కడుపునొప్పి ఆదివారం ఎందుకు రాదు?

అమలాపురం చుట్టుపక్కల పిల్లలకి కౌన్సెలింగ్ చేస్తుంటాను. బడిలో వేధింపుల గురించి ఇక్కడ తరచూ వినే మాటలు కొన్ని.

అపోహ: నొప్పి ఒట్టి నటన, బడి ఎగ్గొట్టడానికి.

ఆమధ్య ఒక లంక ఊరి నుంచి అమ్మమ్మగారు ఏడో తరగతి మనవణ్ణి తీసుకొచ్చారు (గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను). తల్లి గల్ఫ్‌లో ఇంటిపనికెళ్లింది.

"బడికెళ్లే పంటు పడవ ఎక్కే టైముకి కడుపునొప్పంటాడండి. స్కానింగ్‌లో ఏం లేదన్నారు. దిష్టి కూడా తీశానండి."

"ఆదివారం వస్తుందా అండి?"

ఆవిడ ఆలోచనలో పడ్డారు. వాడు బ్యాగు జిప్పు లాగుతూ, మూస్తూ కూర్చున్నాడు. క్యారేజీ విప్పకుండానే ఇంటికి తెస్తున్నాడట. నాలుగోసారి వచ్చినప్పుడు నోరు విప్పాడు: మూత తీస్తే చాలు, 'చేపల కంపు' అని ముక్కులు మూసుకుంటారు. ఆ పేరు మొదట పెట్టింది మాస్టారే.

వాస్తవం: భయానికి పేగులు నిజంగానే మెలిపెడతాయి. స్కానింగ్‌లో కనపడనంత మాత్రాన నొప్పి అబద్ధం కాదు.

అపోహ: పిల్లలన్నాక ఏడిపించుకుంటారు.

సమఉజ్జీలు కొట్టుకుంటే పోట్లాట, సాయంత్రానికి కలిసిపోతారు. ఎదురు చెప్పలేడని తెలిసి రోజూ ఒకణ్ణే పట్టుకుంటే అది వేధింపు.

అపోహ: దీనికి చట్టం లేదు.

బడి పిల్లల మధ్య వేధింపుకంటూ విడిగా కేంద్ర చట్టం లేదు, నిజమే. మాస్టారి సంగతి వేరు. విద్యాహక్కు చట్టం 2009లో 17వ సెక్షన్ దెబ్బలతోపాటు మానసిక వేధింపునీ నిషేధించింది. ఇక లైంగిక వేధింపైతే, పిల్లల మీద లైంగిక నేరాలకున్న పోక్సో చట్టం 2012 ప్రకారం తెలిసీ పోలీసులకు చెప్పకపోవడమే నేరం. 'పరువు పోతుంది, మనలో మనం మాట్లాడుకుందాం' అనే పెద్దమనుషులు ఇది గుర్తుంచుకుంటే బాగుండు.

అపోహ: కంప్లయింట్ ఇస్తే అవతలి పిల్లాడి బతుకు పాడవుతుంది.

మన ఊళ్లలో నోళ్లు కట్టేసేది ఈ మొహమాటమే. పద్దెనిమిదేళ్లలోపు వాళ్ల మీద, ఘోరనేరమైతేనో పెద్దవాళ్లతో కలిసి చేస్తేనో తప్ప, ఎఫ్ఐఆర్ పెట్టరు. స్టేషన్ డైరీలో రాసి, ఇంటి పరిస్థితుల నివేదికతో బాల న్యాయ మండలికి పంపుతారు. ఏ పిల్లాడి పేరూ పేపర్లో రాకూడదు, 2015 బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ అది.

ముందు హెడ్మాస్టరుకి తేదీ వేసి రాతలో ఇవ్వండి, నకలు దాచుకోండి. కదలకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. మనసు బాగోకపోతే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416.

అమ్మమ్మగారు అలాగే రాసిచ్చారు. సోమవారాలు ఇంకా నసుగుతున్నాడట. క్యారేజీ మాత్రం ఖాళీగా వస్తోంది.