కాన్పు డబ్బులు: అపోహలు - వాస్తవాలు

దేవరకొండ దిక్కు తండాల్లో గర్భిణుల నమోదు నా పని. ఏఎన్ఎమ్‌ను, అంటే ఊళ్లలో తిరిగే సర్కారు ఆరోగ్య కార్యకర్తను. కాన్పు డబ్బుల మీద ఊళ్లలో, ఫోన్లలో తిరిగే మాటలకు నాకు తెలిసిన జవాబులివి.

అపోహ: డబ్బుల కోసమే పిల్లల్ని కంటున్నారు.

వాస్తవం: 2017లో తెలంగాణ సర్కారు మొదలుపెట్టిన కేసీఆర్ కిట్ పథకంలో మగబిడ్డ పుడితే 12,000, ఆడబిడ్డ పుడితే 13,000 రూపాయలు ఇచ్చేవారు. అదీ విడతలవారీగా. ఆఖరి విడత రావాలంటే బిడ్డకు తొమ్మిదో నెల టీకా పడాల్సి ఉండేది. రెండు కాన్పులు దాటితే పైసా వచ్చేది కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ సంతాన రేటు, అంటే ఒక్కో మహిళకు సగటున పుట్టే పిల్లలు, 2015-16లో 1.8, 2019-20లోనూ 1.8. మారింది కాన్పు చోటే: సర్కారు దవాఖానల్లో కాన్పులు 30.5 శాతం నుంచి 49.7 శాతానికి పెరిగాయి. అందులో ఈ పథకం పాత్ర ఉందనే నా నమ్మకం. అయితే అన్నిచోట్లా ఇదే జరిగిందనలేం. ఎన్నో కాన్పైనా జననీ సురక్ష అనే కేంద్ర పథకం కింద డబ్బిచ్చిన వెనుకబడ్డ రాష్ట్రాల్లో గర్భాలు కొంత పెరిగాయని పరిశోధకులు తేల్చారు.

అపోహ: ఆడబిడ్డకు వెయ్యి ఎక్కువిస్తే ఆడపిల్లలు పెరుగుతారు.

వాస్తవం: ఇద్దరు ఆడపిల్లల తల్లి మూడోసారి నమోదుకు వస్తుంది. పక్కన అత్త, చేతిలో ఎంసీపీ (తల్లీబిడ్డల ఆరోగ్య వివరాల) కార్డు. "ఈసారన్న మొగపిల్లగాడైతడా సిస్టరమ్మా?" ఈ కాన్పుకు డబ్బు రాదని ఆ తల్లికి తెలుసు. కట్నం, ముసలితనంలో ఎవరు సాకుతారన్న దిగులు వెయ్యి రూపాయలతో తీరేవి కావు. అదే సర్వేలో వెయ్యి మంది మగశిశువులకు ఆడశిశువులు 872 నుంచి 894 అయ్యారు. సంతోషమే. కానీ సహజంగా 950 దాకా ఉండాలి.

అపోహ: ఒక్క ఆడపిల్లతో ఆపినవాళ్లకు ఎక్కువ డబ్బిస్తే వివక్ష పోతుంది.

వాస్తవం: హర్యానా 2002లో 'దేవీ రూపక్' పెట్టింది. ఒక్క ఆడపిల్లతో ఆపితే నెలకు 500 రూపాయలు, ఒక్క మగపిల్లాడితోనో ఇద్దరు ఆడపిల్లలతోనో ఆపితే 200, ఇరవై ఏళ్లపాటు. సంతానం తగ్గింది. ఆ ఉన్న ఒక్కరూ కొడుకే కావాలనుకున్నారు, లింగ నిష్పత్తి ఇంకా చెడింది. మా తండాల్లో పనిచేసే ఎవరికైనా ఇది ఆశ్చర్యం కాదు. పిల్లల సంఖ్యకు డబ్బు ముడిపెట్టే ప్రతి పథకాన్నీ, తగ్గించడానికైనా పెంచడానికైనా, ముందు ఈ కోణంలో పరీక్షించాలి.

అపోహ: స్కానింగే చట్టవిరుద్ధం.

వాస్తవం: బిడ్డ ఎదుగుదల చూడ్డానికి స్కానింగ్ అవసరం, మానొద్దు. 1994 చట్టం ప్రకారం నేరమయ్యేది కడుపులో ఉన్నది ఆడో మగో చెప్పడం, చెప్పించుకోవడం. సైగతో చెప్పినా నేరమే, మూడేళ్ల దాకా జైలు. ఎవరైనా చెబుతామంటే జిల్లా వైద్యాధికారి కార్యాలయంలో ఫిర్యాదు చేయండి.