గర్భిణులకు గ్లూకోజ్ పరీక్ష: ముందు జాగ్రత్తలపై అపోహలు - వాస్తవాలు

గ్లూకోజ్ ద్రావణం తాగించి రక్తంలో చక్కెరను కొలుస్తూ, సాధారణంగా గర్భం 24 నుంచి 28 వారాల మధ్య చేసే గ్లూకోజ్ పరీక్షను, ఎలాగైనా గట్టెక్కవలసిన గండంగా భావించి తిండి విషయంలో లేనిపోని నియమాలు పెట్టుకునే గర్భిణులను ప్రసూతి వైద్యురాలిగా తరచూ చూస్తుంటాను. రోజూ తినే తిండే తింటున్నప్పుడు ఆమె శరీరం చక్కెరను ఎలా సంబాళించుకుంటోందో తెలుసుకోవడమే మా ఉద్దేశం కాబట్టి, కడుపు మాడ్చుకుని వస్తే మాకు అందే అంకెలు అక్కరకు రావు.

అపోహ: రెండు మూడు రోజుల ముందు నుంచే పిండి పదార్థాలు మానేస్తే ఫలితం బాగా వస్తుంది.

వాస్తవం: చాలాసార్లు ఇది ఎదురు తిరుగుతుంది. పిండి పదార్థాలు బాగా తగ్గినప్పుడు శరీరం కొవ్వు మీద ఆధారపడుతుంది, క్లోమం ఇన్సులిన్‌ను వెంటనే విడుదల చేసే వేగం మందగిస్తుంది. ఆ స్థితిలో 75 లేదా 100 గ్రాముల గ్లూకోజ్ ఒక్కసారిగా లోపలికి వెళ్తే, మధుమేహం లేనివారిలో కూడా చక్కెర ఎక్కువగా కనిపించవచ్చు. అందుకే ముందు మూడు రోజులు, రోజుకు కనీసం 150 గ్రాముల పిండి పదార్థాలు అందేలా మామూలుగా తినమంటాము. ఈ 150 గ్రాములు పళ్లెంలోని ఆహారం మొత్తం బరువు కాదు, అందులో ఉండే పిండి పదార్థం బరువు మాత్రమే.

అపోహ: ఏ గ్లూకోజ్ పరీక్షకైనా పరగడుపునే రావాలి, మంచినీళ్లు కూడా తాగకూడదు.

వాస్తవం: 50 గ్రాముల ద్రావణంతో చేసే తొలి పరీక్షకు పరగడుపు అక్కర్లేదు. 100 గ్రాముల పరీక్షకూ, చాలాచోట్ల 75 గ్రాముల పరీక్షకూ కనీసం 8 గంటలు ఏమీ తినకుండా ఉండాలి, కానీ 14 గంటలు దాటకూడదు. మంచినీళ్లు నిరభ్యంతరంగా తాగవచ్చు. మీకు రాసినది ఏ పరీక్షో ముందే అడిగి తెలుసుకోండి.

అపోహ: ద్రావణం తాగాక అటూ ఇటూ నడిస్తే మంచిది.

వాస్తవం: నడిస్తే కండరాలు చక్కెరను వాడుకుంటాయి, ఫలితం మారిపోతుంది, కూర్చునే ఉండాలి. ద్రావణాన్ని 5 నిమిషాలలోపు పూర్తి చేయాలి, సమయాన్ని మొదటి గుక్క నుంచి లెక్కిస్తారు. అన్నిటికన్నా నన్ను కలవరపెట్టేది వాంతిని దాచడం: మళ్లీ రావలసి వస్తుందన్న భయంతో, వాంతి చేసుకున్నాక నోరు పుక్కిలించి మౌనంగా వచ్చి కూర్చునేవారు ఉన్నారు. గ్లూకోజ్ బయటికి పోయాక వచ్చే అంకె నిజం కన్నా తక్కువగా ఉండి, ఉన్న మధుమేహాన్ని కప్పిపుచ్చవచ్చు. దయచేసి వెంటనే చెప్పండి. బిడ్డ ఊపిరితిత్తుల కోసం ఇటీవల స్టెరాయిడ్ ఇంజెక్షన్లు తీసుకున్నా, బరువు తగ్గేందుకు గతంలో పొట్టకు శస్త్రచికిత్స జరిగినా పరీక్షకు ముందే తెలియజేయాలి.

అపోహ: పరగడుపు ఫలితం బాగుంటే మిగతా రక్త నమూనాలు ఇవ్వనవసరం లేదు.

వాస్తవం: గర్భం పెరిగేకొద్దీ మాయ (ప్లాసెంటా) నుంచి వచ్చే హార్మోన్లు ఇన్సులిన్‌ను సరిగా పనిచేయనివ్వవు, ఆ లోటు కొందరిలో గ్లూకోజ్ తాగాకే బయటపడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో ఇచ్చిన ప్రమాణాల ప్రకారం 75 గ్రాముల పరీక్షలో, డెసీలీటరు రక్తానికి పరగడుపున 92, గంటకు 180, రెండు గంటలకు 153 మిల్లీగ్రాములలో ఏ ఒక్క హద్దును తాకినా చాలు, గర్భకాల మధుమేహంగా గుర్తిస్తారు. కాబట్టి పూట మొత్తం కేటాయించుకుని రండి, చివరి నమూనా ఇచ్చిన వెంటనే తినడానికి ఏదైనా వెంట తెచ్చుకోండి.