మామునూరు మెలిక: విమానాశ్రయం ఫైళ్లు ఎవరి బీరువాలో ఉన్నాయి?

వరంగల్ వాళ్లకు మామునూరు రన్‌వే కొత్తేమీ కాదు. నిజాం కాలంలో 1930లో వేసిన విమానాశ్రయం అది. 1980ల మొదట్లో మూతపడింది. మళ్లీ తెరవాలని జనం అడుగుతూనే వచ్చారు, ఎన్నికలప్పుడల్లా నాయకులు సరేనంటూనే వచ్చారు. పని మాత్రం కదల్లేదు. ఎందుకని అడిగితే “150 కిలోమీటర్ల రూల్ ఉంది” అనేవారు. అసలు మెలిక 2004 డిసెంబర్ 20న కేంద్ర పౌర విమానయాన శాఖకూ, షంషాబాద్ విమానాశ్రయం కట్టడానికి పెట్టిన కంపెనీకీ కుదిరిన ఒప్పందంలో ఉంది. షంషాబాద్ తెరిచాక 25 ఏళ్ల దాకా, గాలి దూరంలో 150 కిలోమీటర్ల లోపల దానికి పోటీగా ఇంకో విమానాశ్రయాన్ని రానివ్వకూడదన్నది అందులోని షరతు.

2025 ఫిబ్రవరి 28న మామునూరుకు కేంద్రం సరేనంది. అంతకుముందు హైదరాబాద్ విమానాశ్రయ కంపెనీ బోర్డు “మాకు అభ్యంతరం లేదు” అని రాసివ్వాల్సి వచ్చింది. అంటే ఒక జిల్లాకు విమానం రావాలా వద్దా అన్నది ఇరవై ఏళ్ల కిందటి కాగితంలోని ఒక పేరా మీద ఆధారపడింది. ఇలాంటి కాగితాలను మామూలు మనిషి చూడగలడా? చూడాలంటే ఎవరిని అడగాలి? ఈ గొడవకు మన దేశంలో పెద్ద చరిత్రే ఉంది.

ముందు ఆ ఒప్పందాల సంగతి. దీన్ని కన్సెషన్ ఒప్పందం అంటారు, పత్రికలు ‘రాయితీ ఒప్పందం’ అని రాస్తుంటాయి. రాయితీ అనగానే డిస్కౌంట్ అనుకునేరు. ప్రభుత్వం చేయాల్సిన పనిని కొన్నేళ్లపాటు ఒక కంపెనీ చేతిలో పెట్టి, దాని మీద వచ్చే ఆదాయం వసూలు చేసుకొమ్మని ఇచ్చే హక్కు అది. షంషాబాద్‌కు మొదట 30 ఏళ్లు ఇచ్చారు. తర్వాత పొడిగింపుతో అది 2068 దాకా సాగింది. కంపెనీ తన స్థూల ఆదాయంలో 4 శాతం కేంద్రానికి కట్టాలి, అదీ మొదటి పదేళ్లది తర్వాత వాయిదాల్లో. ఢిల్లీ విమానాశ్రయంలో ఇదే వాటా 45.99 శాతం. ఢిల్లీది అప్పటికే నడుస్తున్న విమానాశ్రయం, షంషాబాద్‌ది ఖాళీ నేల మీద కొత్తగా కట్టింది కాబట్టి రెండింటినీ ఒకే గాటన కట్టలేం. అయినా తేడా ఎందుకంత అని అడిగే హక్కు మనకుంది. జవాబు దొరికేది ఫైళ్లలోనే.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడా ఇందులో ఉత్తచేతులతో కూర్చోలేదు. దాదాపు 5,500 ఎకరాలు లీజుకిచ్చింది. రూ.315 కోట్లు వడ్డీ లేని అప్పు ఇచ్చింది. మరో రూ.107 కోట్లు గ్రాంటుగా ఇచ్చింది. కంపెనీలో 13 శాతం వాటా తీసుకుంది, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియాది ఇంకో 13 శాతం. రెండూ కలిస్తే 26. ఈ 26 అంకెను తేలిగ్గా తీసేయకూడదు. కంపెనీ చట్టం ప్రకారం ప్రత్యేక తీర్మానానికి నాలుగింట మూడొంతుల మెజారిటీ కావాలి. 26 శాతం ఉన్నవాళ్లు అడ్డం తిరిగితే ఆ తీర్మానం నెగ్గదు. ఢిల్లీ, ముంబై విమానాశ్రయ కంపెనీల్లో ప్రభుత్వ సంస్థ వాటా కూడా సరిగ్గా 26 శాతమే పెట్టారు.

సమాచార హక్కు చట్టం 2005 అక్టోబర్ 12న అమల్లోకి వచ్చింది. ప్రభుత్వం సొంతం చేసుకున్న, అదుపులో పెట్టుకున్న, లేదా ‘గణనీయంగా’ నిధులిచ్చిన సంస్థ ఏదైనా పబ్లిక్ అథారిటీయే అని అందులో రాశారు. పబ్లిక్ అథారిటీ అయితే జనం అడిగినదానికి జవాబు చెప్పాలి. గణనీయంగా అంటే ఎంత? అక్కడ పడింది పీటముడి. మాది ప్రైవేటు కంపెనీ, మాకు ఈ చట్టం వర్తించదు అని విమానాశ్రయ కంపెనీలు వాదించాయి. ముంబై కంపెనీ పబ్లిక్ అథారిటీయేనని 2011లో కేంద్ర సమాచార కమిషన్ తేల్చింది. కంపెనీ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది.

2013లో కేరళలోని ఒక సహకార బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు, పైనుంచి పర్యవేక్షించినంత మాత్రాన ప్రభుత్వ అదుపు అనిపించుకోదని చెప్పింది. ఇది కంపెనీలకు బలమైన ఆయుధం. 2019లో డీఏవీ కాలేజీ కేసులో మరో వైపు నుంచి చూసింది. గణనీయం అంటే సగానికి పైగా ఉండాలని లేదంది. నగరంలో భూమిని ఉచితంగానో, బాగా తగ్గించిన ధరకో ఇస్తే అదొక్కటే గణనీయమైన సాయం కావచ్చని కూడా అంది. ఆ మాటలు కాలేజీలు, ఆస్పత్రుల వంటి వాటి గురించి అన్నవే. కానీ 5,500 ఎకరాల లీజు దగ్గర పెట్టి చదివితే నాకు ఆ వాక్యం మామూలుగా అనిపించదు.

ఈ కథలో అన్నిటికన్నా దూరం వెళ్లింది కొచ్చిన్. 1999లో తెరిచిన ఆ విమానాశ్రయం ప్రవాస మలయాళీలు దాచుకున్న డబ్బు, కేరళ ప్రభుత్వ సొమ్ము కలిపి కట్టింది. ప్రభుత్వ వాటా మూడోవంతుకు అటూఇటూగా ఉంటుంది. కంపెనీ చైర్మన్ కుర్చీలో కూర్చునేది రాష్ట్ర ముఖ్యమంత్రి. బోర్డు సమావేశాల మినిట్స్ కావాలని కొందరు దరఖాస్తు పెడితే మేం ఇవ్వమన్నారు. 2019లో రాష్ట్ర సమాచార కమిషన్ ఇవ్వాల్సిందేనంది. హైకోర్టు సింగిల్ జడ్జి అదే మాటన్నారు. 2025 ఆగస్టులో డివిజన్ బెంచ్ కూడా కంపెనీ అప్పీలును కొట్టేసింది. ముఖ్యమంత్రి చైర్మన్‌గా ఉన్న సంస్థ, జనానికి జవాబు చెప్పనక్కర్లేదని జనం డబ్బుతోనే ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరగడం విడ్డూరమే.

అసలు విషయం ఏమిటంటే, చాలాసార్లు కంపెనీని అడగాల్సిన పనే లేదు. ఒప్పందానికి రెండు పక్షాలుంటాయి. ఒక పక్షం ప్రభుత్వమే. లీజు పత్రం నకలు రాష్ట్ర ప్రభుత్వ బీరువాలో ఉంటుంది, కన్సెషన్ ఒప్పందం పౌర విమానయాన శాఖ దగ్గర ఉంటుంది. ఆ కార్యాలయాలు పబ్లిక్ అథారిటీలా కాదా అని ఎవరూ కోర్టుకు వెళ్లరు. పైగా చట్టంలో ఇంకో తలుపు కూడా ఉంది. ఒక ప్రైవేటు సంస్థ సమాచారాన్ని వేరే ఏదైనా చట్టం కింద ప్రభుత్వ కార్యాలయం తెప్పించుకోగలిగితే, దాన్ని ఆ కార్యాలయం నుంచి మనం అడగవచ్చు. 2013 తీర్పు కూడా ఆ తలుపును మూయలేదు.

కాకపోతే దరఖాస్తు పెట్టినవాళ్లకు తెలుసు, కాగితం ఎలా తిరుగుతుందో. రూ.10 ఫీజు కట్టి, తెల్లకాగితం మీద “ఫలానా తేదీ లీజు ఒప్పందం నకలు, దానికి తర్వాత జరిగిన సవరణలు, కట్టిన అద్దె వివరాలు ఇప్పించగలరు” అని రాసి స్పీడ్ పోస్టులో పంపుతాం. కొన్నాళ్లకు ఒక కవరు వస్తుంది. విప్పితే ఒకే ఒక్క పేజీ: “మీ దరఖాస్తు సెక్షన్ 6(3) ప్రకారం సంబంధిత కార్యాలయానికి బదిలీ చేయడమైనది.” ఆ కార్యాలయం సెక్షన్ 11 కింద కంపెనీకి నోటీసిస్తుంది, మీ కాగితం ఇవ్వమంటారా అని. అభ్యంతరం చెప్పడానికి కంపెనీకి పది రోజులు. వాణిజ్య రహస్యం, సెక్షన్ 8(1)(డి) అంటుంది. కంపెనీ వద్దంటే ఇవ్వకూడదని చట్టంలో ఎక్కడా లేదు. వాళ్ల మాట విని, నిర్ణయం అధికారే తీసుకోవాలి. కానీ టెన్షన్ ఎందుకులే అని చాలామంది అధికారులు వద్దు అనేదే ఖాయం చేస్తారు. ఆపైన అప్పీలుకు వెళ్దామంటే, తెలంగాణలో 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే దాకా సమాచార కమిషన్‌లో కమిషనర్లే లేరు. ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఆగస్టులో జీవోలను ఆన్‌లైన్‌లో పెట్టడమే ఆపేశారు. ప్రభుత్వం మారాక 2024 ఆగస్టులో మళ్లీ మొదలుపెట్టారు.

కాగితాలు బయటపడితే ఏమవుతుందో చూడాలంటే ఎయిర్‌పోర్టుల ఛార్జీలు నిర్ణయించే ఏరా సంస్థను చూడవచ్చు. ఛార్జీల లెక్కలు ముందుగా సంప్రదింపుల పత్రంగా అందరి ముందూ పెట్టి, అభ్యంతరాలు విని, కారణాలు రాసి ఉత్తర్వు ఇవ్వాలని దాని చట్టమే చెబుతోంది. 2014లో షంషాబాద్ లెక్కలు వేసి, ఏప్రిల్ 1 నుంచి ప్రయాణికుల మీద యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు సున్నా అంది. అంతకుముందు దేశీయ ప్రయాణికుడు రూ.430 కట్టేవాడు. కంపెనీ కోర్టుకెక్కింది, ఫీజు మళ్లీ వచ్చింది, అది వేరే కథ. కానీ ఆ పోట్లాటలో ఎవరు ఏ లెక్క వేశారో ఈరోజుకీ ఎవరైనా చదువుకోవచ్చు.

భోగాపురం విమానాశ్రయం కూడా ఇదే దారిలో ఉంది. అక్కడ ఒప్పందం చేసుకున్నది ఆంధ్రప్రదేశ్ ఎయిర్‌పోర్ట్స్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్, అంటే ప్రభుత్వ సంస్థే. బిడ్‌లో గెలిచిన కంపెనీ ప్రభుత్వానికి కడతానన్న మాట ఒక్కో ప్రయాణికుడికి రూ.303. ఆ మాట ఎప్పటి నుంచి అమలు, ఏటా ఎంత పెరుగుతుంది అన్నది తెలుసుకోవాలంటే దరఖాస్తు మీద రాయాల్సింది కంపెనీ అడ్రస్ కాదు, ఆ కార్పొరేషన్ పౌర సమాచార అధికారి అడ్రస్.

షంషాబాద్ 2008 మార్చి 23న తెరుచుకుంది. 150 కిలోమీటర్ల షరతుకు ఆ రోజు నుంచి లెక్క కడితే గడువు 2033 మార్చిలో తీరుతుంది.