కాసెట్ వంశవృక్షం

ఒక పాఠకుడు అడిగారు: "నిర్వాణా బ్యాండు రీడింగ్ కచేరీవి పాత కాపీలు రెండు విన్నాను. రెండూ ఒకే రోజువి. ఒకదాంట్లో డ్రమ్స్ సింబల్స్ ఖంగుమని మోగుతున్నాయి, రెండోది దుప్పటి కప్పుకుని పాడినట్టుంది. పైగా వేగం కూడా తేడాగా ఉంది. ఎందుకు?"

ఈ ప్రశ్న కోసం ఎన్నాళ్లుగానో ఎదురుచూస్తున్నాను.

1992 ఆగస్టు 30న ఇంగ్లండ్‌లోని రీడింగ్ ఫెస్టివల్‌లో అమెరికా రాక్ బ్యాండు నిర్వాణా గాయకుడు కర్ట్ కొబేన్ ఆస్పత్రి గౌను, విగ్గు తొడుక్కుని చక్రాల కుర్చీలో స్టేజీ మీదకి వచ్చాడు. మైకు పట్టుకుని లేచాడు, వెనక్కి కూలబడ్డాడు, తర్వాత లేచి గిటార్ అందుకున్నాడు. తన ఆరోగ్యం మీద పత్రికల్లో వస్తున్న పుకార్లకి అతనిచ్చిన జవాబు అది. ఈ కచేరీ మొత్తం అధికారికంగా విడుదలైంది 2009 నవంబరులో. మధ్యలో 17 ఏళ్లు ఎక్కువగా అభిమానుల చేతుల మీదుగా బతికింది. వాళ్లలో వాళ్లకి ఒక పద్ధతుండేది: డబ్బు తీసుకోకూడదు. కావలసినవాళ్లు ఖాళీ కాసెట్లు, తిరుగు పోస్టేజీ పంపితే కాపీ చేసి పంపేవారు. ఆ కాపీకి ఇంకో కాపీ, దానికి మరొకటి. జనంలో నిలబడి రికార్డు చేసేవాణ్ని టేపర్ అంటారు, అతని మొదటి టేపు మాస్టర్. అక్కణ్నుంచి ఒక్కో కాపీ ఒక్కో తరం.

కాసెట్‌లో 3.81 మిల్లీమీటర్ల టేపు సెకనుకి సుమారు 4.76 సెంటీమీటర్లు కదులుతుంది. అందులోని అయస్కాంత రేణువులు లెక్కకి అందనన్ని ఉన్నా, అనంతం కాదు. ఆ గరుకుతనమే మనకి 'స్‌స్‌' అని వినబడే హిస్. మాస్టర్‌లో హిస్ శక్తి 1 అనుకుందాం. కాపీ చేస్తే ఆ 1 అలాగే దిగుతుంది, కొత్త టేపు తన 1 కలుపుతుంది: మొత్తం 2, అంటే శబ్దాన్ని లాగరిథమ్స్ లెక్కలో కొలిచే డెసిబెల్స్‌లో 3 ఎక్కువ. ఎనిమిదో టేపుకి 8, అంటే 9 డెసిబెల్స్. ఇది కూడిక. మొదటి కాపీ దెబ్బ బలంగా తగులుతుంది, ఏడోది ఎనిమిదోది అయినప్పుడు చెవికి తెలియనే తెలియదు.

సన్న స్వరాల సంగతి వేరు. ప్లే చేసే డెక్ (టేపు రికార్డరు) హెడ్డు, అంటే టేపుని తాకి చదివే భాగం, రికార్డు చేసే డెక్ హెడ్డు ఒకే కోణంలో లేకపోతే ముందు పోయేది ఎత్తు ఫ్రీక్వెన్సీలే. ఒక్కో కాపీకి 12 కిలోహెర్ట్జ్ దగ్గర 2 డెసిబెల్స్ పోతాయనుకుందాం. ఏడు కాపీలకి 14 డెసిబెల్స్. అంటే సింబల్స్ మెరుపులో ఇరవై అయిదో వంతు శక్తి మిగులుతుంది! ఇది గుణకారం. మీరు విన్న దుప్పటి ఇదే. హిస్ కాదు పాటని చంపింది, ఈ గుణకారం. లాగరిథమ్స్ పాఠం టేబుల్ పుస్తకంతో కాకుండా ఇలా రెండు కాసెట్లు వినిపించి మొదలుపెడితే పిల్లలు మర్చిపోతారా అని నాకెప్పుడూ అనిపిస్తుంది.

ఏ కాపీ ఎవరి బిడ్డో తేల్చడానికి అభిమానులు వాడిన ఉపాయం మనకి కొత్తది కాదు. బ్రౌన్ దొర వేమన పద్యాల ప్రతులు పోగుచేయించి పండితుల చేత పోల్చి చూపించాడు. రెండు తాళపత్రాల్లో ఒకే చోట ఒకే తప్పుంటే రెండూ ఒకే తల్లి ప్రతి నుంచి వచ్చి ఉండాలి. కాసెట్‌కీ అంతే. 90 నిమిషాల కాసెట్ ఒక వైపు అయిపోగానే టేపర్ చీకట్లో తడుముకుంటూ తిప్పి పెడతాడు, ఆ కాసేపట్లో పాట ముక్క పోతుంది. రెండు కాపీల్లో సరిగ్గా అదే ముక్క లేకపోతే మాస్టర్ ఒకటే. "చూసినది చూసినట్టు రాశాను, తప్పు నాది కాదు" అని ప్రతి చివర రాసుకున్న లేఖకుల్లాగే వీళ్లూ ఏ డెక్ నుంచి ఏ డెక్‌కి ఎక్కించారో కాగితం మీద రాసి పంపేవారు.

డిజిటల్ వచ్చాక గుణకారం ఆగిపోయింది. నష్టం లేకుండా కుదించే ఫ్లాక్ ఫైలుతో పాటు ఫైలులోని అంకెల నుంచి లెక్కకట్టిన 32 అక్షరాల ఎండీ5 ముద్ర పంపుతారు. ఒక్క బిట్ మారినా ముద్ర మొత్తం మారిపోతుంది. సీడీ అంచుకి ఆకుపచ్చ మార్కర్ పూస్తే శబ్దం మెరుగవుతుందని 1990ల్లో చాలామంది నమ్మారు. పూతకి ముందూ తర్వాతా తీసిన ఈ ముద్రలు సరిపోలితే అంకెలు ఒకటే, పూతతో వాటికి పని లేదు.

ఇక వేగం. డెక్ మోటార్లు ఒకటి రెండు శాతం తేడాగా తిరగడం మామూలే. 6 శాతం తేడా వస్తే శ్రుతి ఒక స్వరస్థానం జరిగిపోతుంది. గిటార్ దగ్గర పెట్టుకుని సరిచూద్దామా అంటే, ఇలాంటి బ్యాండ్లు తీగల్ని ఒక స్వరస్థానం కిందకి దించి వాయించడం ఉంది. 1993 నవంబరులో న్యూయార్క్ టీవీ కచేరీలో నిర్వాణా అలాగే వాయించింది. కిందకి దించారా, టేపు నెమ్మదిగా తిరిగిందా? చెవి చెప్పలేదు.

కరెంటు చెబుతుంది. గిటార్ శబ్దాన్ని పెంచే ఆంప్ పాటకీ పాటకీ మధ్య 'మ్‌మ్‌' అని గొణుగుతుంది కదా, అది ఊరి కరెంటు గొణుగుడు. బ్రిటన్‌లో 50 హెర్ట్జ్, అమెరికాలో 60. రికార్డింగ్‌ని స్పెక్ట్రమ్‌లో, అంటే ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత శబ్దముందో చూపే బొమ్మలో, పరిస్తే ఆ గొణుగుడు సన్నటి గీతలా కనిపిస్తుంది. కాపీ చేసిన డెక్ కూడా తన గీత కలపొచ్చు. బ్రిటన్ కచేరీలో 60 దగ్గర గీత ఉంటే అది అమెరికాలో ఎవరింట్లోనో కాపీ అయ్యుండొచ్చు. ఆంప్ ఆపగానే మాయమయ్యేది ఏదో, అదే కచేరీ గీత.

లండన్ క్లబ్బులో తీసిన ఒక టేపులో ఆ గీత 51.5 దగ్గర కనిపించిందనుకోండి. 3 శాతం వేగంగా నడుస్తోందన్నమాట. ఫైలులో మొదటి వైపు సరిగ్గా 44 నిమిషాలకి తెగిపోయింది. 1.03తో హెచ్చించండి: 45 నిమిషాల 19 సెకన్లు. 90 నిమిషాల కాసెట్‌లో ఒక వైపు 45 నిమిషాలు, కంపెనీలు ఇంకొంచెం టేపు ఎక్కువే చుట్టేవి. కరెంటు గీత చెప్పిన వేగంతో కాసెట్ లెక్కా సరిపోయింది.