రాగి కాసుతో పాటు ఒక చీటీ

విజయవాడ

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మీలో చిన్నవాడు నాణేలు కూడబెడుతున్నాడని విన్నప్పటి నుంచి, మన ఇనప్పెట్టెలోని రాగి కాసు వాడికే ఇవ్వాలనుకుంటున్నాను. ఇంట్లో అందరూ దాన్ని కుంఫిణీ కాసు అనేవారు. అంతమాత్రం చెప్పి ఇవ్వడం నాకు నచ్చలేదు. అదెక్కడిదో తేల్చాకే పంపుతున్నాను. ఎలా తేల్చానో మీరందరూ తెలుసుకోవాలి.

అంచులు పట్టుకుని, టేబుల్ లైటు కింద కాసును కాస్త ఏటవాలుగా వంచాను. వెలుగు పక్క నుంచి పడితే అరిగిన గీతలకు నీడ వస్తుంది. అప్పుడు భూతద్దంలో చూడాలి. ఒక వైపు పెద్ద 'వి' అక్షరం, దాని ఎడమ కొమ్మ మీద 'ఓ', కుడి కొమ్మ మీద 'సి'. 1602లో మొదలైన డచ్చి ఈస్టిండియా కంపెనీ గుర్తు అది. అంటే కుంఫిణీ మాట నిజమే, ఇంగ్లీషువాళ్ళది మాత్రం కాదు. కింద 175 వరకు అంకెలు తెలుస్తున్నాయి, నాలుగోది అరిగిపోయింది.

అసలు ఆధారం రెండో వైపు ఉంది. డ్యూట్ అనే ఈ రాగి కాసులను ముద్రించిన ఒక్కో డచ్చి రాష్ట్రం వాటిపై తన చిహ్నం వేసేది. డాలు నిండా సింహముంటే హాలండ్. మన కాసు మీద సింహం సగమే ఉంది, కింద అలలు. నీళ్ళలోంచి పైకి లేస్తున్న ఆ సింహం జీలాండ్‌ది. సముద్రానికి కట్టలు కట్టి నేలను కాపాడుకున్న జనం వాళ్ళు. 1977 దివిసీమ ఉప్పెనను చూసిన నాకు ఆ బొమ్మ మీద నుంచి చాలాసేపు చూపు మరలలేదు.

మన బందరు రోడ్డు చేరే ఊరికి ఆ కంపెనీ 1605లోనే అద్దకం బట్టల కోసం వచ్చింది. డచ్చివారి సమాధులు అక్కడ ఇప్పటికీ ఉన్నాయి. అయినా ఈ కాసు బందరులో దిగిందని చీటీలో రాయలేదు. ఇలాంటివి జావా, సింహళం వైపు విరివిగా చెలామణి అయ్యాయి. కథ బాగుందని నాణేనికి అంటగట్టకూడదు.

ఇది అరుదైనది కాదు, లక్షల్లో ముద్రించారు. నకిలీలూ ఉన్నాయి కాబట్టి కొనేటప్పుడు అంచు చూడండి. పోతపోసిన నకిలీకి చుట్టూ సన్నటి అతుకు గీత కనిపించవచ్చు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను: రాగి చెంబులా చింతపండుతో తోమకండి! ఆ గోధుమరంగు పొర ఏర్పడటానికి రెండు వందల ఏళ్ళకు పైగా పట్టింది. ఒక్కసారి పోతే మళ్ళీ రాదు. మెత్తటి ప్లాస్టిక్ కవర్లో పెడితే పచ్చటి జిగురు పట్టవచ్చు. కాగితపు కవరే మేలు.

చీటీలో 'జీలాండ్, డ్యూట్, 175' అని రాసి, నాలుగో అంకెకు చోటు వదిలాను. మీ కళ్ళకు ఆనితే పెన్సిల్‌తో నింపండి.

మీ తాతయ్య