రక్తపింజరి విషం, పదో కారకం

అనంతపురం వేరుశనగ చేలలో రక్తపింజరి కాటు పడ్డ మనిషిని ఆసుపత్రికి తెస్తే, వైద్యులు చేసే ముఖ్యమైన పరీక్షకు యంత్రం అక్కర్లేదు. రెండు మిల్లీలీటర్ల రక్తం పొడి గాజు గొట్టంలో పోసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, వంచి చూస్తారు. గడ్డకడితే అప్పటికి సరే, మళ్లీ చూస్తారు. నీళ్లలా జారితే విషం ఎక్కినట్టే. వెంటనే విరుగుడు ఎక్కించాలి. గొట్టం గాజుదే కావాలి. గాజు తగిలితే, రక్తాన్ని గడ్డకట్టించే కారకాల్లో 12వది మేల్కొంటుంది. ప్లాస్టిక్‌లోనైతే మంచి రక్తం కూడా ఆలస్యం చేసి అందరినీ హడలగొడుతుంది.

ఈ కారకాలు ఎక్కువగా కాలేయంలో తయారయ్యే ప్రొటీన్లు. అంకెలు 13 దాకా ఉన్నాయి, ఆరోది మాత్రం ఖాళీ: కొత్తదనుకున్నది ఐదో కారకమేనని తర్వాత తేలింది. గాయమైతే ఒకటి మరొకదాన్ని లేపుతుంది. దారులన్నీ కలిసేది పదోదాని దగ్గర. అది ఐదోదాన్ని తోడు తీసుకుని త్రాంబిన్‌ను పుట్టిస్తుంది. త్రాంబిన్ వల్ల ఫైబ్రినోజెన్ దారాలుగా మారి గడ్డను పట్టి ఉంచుతుంది. రక్తపింజరి విషం పై మెట్లన్నీ వదిలేసి, కాలువకు మధ్యలో గండి కొట్టినట్టు, నేరుగా పదో, ఐదో కారకాలను లేపుతుంది. ఒళ్లంతా అదుపులేకుండా ఈ పని సాగి ఫైబ్రినోజెన్ నిల్వ ఖర్చయిపోతుంది. ఆపైన చిగుళ్ల నుంచి, మూత్రంలో రక్తం.

1934లో ఇంగ్లండులో మాక్‌ఫర్లేన్, బార్నెట్ ఇదే విషాన్ని పలచన చేసి, హీమోఫిలియా (రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు) రోగుల గాయాలపై పూసి రక్తస్రావం ఆపారు.

గాయమే లేకుండా కాలి సిరలో ఈ గొలుసు కదిలితే మరో చిక్కు. శస్త్రచికిత్సయి మంచంపట్టినవారికీ, బాలింతలకూ, క్యాన్సర్ రోగులకూ ఈ ముప్పు ఎక్కువ. ఒక పిక్క వాచి నొప్పెడుతుంది. గడ్డ తెగి ఊపిరితిత్తుల్లో ఇరుక్కుంటే ప్రాణాపాయం. నాలుగు గంటలు దాటి కూర్చుని ప్రయాణిస్తే ముప్పు సుమారు రెట్టింపవుతుంది. అసలు ముప్పే బహు స్వల్పం కనుక ఆరోగ్యవంతులు కడప నుంచి బెంగళూరు బస్సెక్కడానికి జంకనక్కర్లేదు. ఈ గడ్డలకు ఇచ్చే రివరాక్సబాన్, అపిక్సబాన్ మాత్రలు అడ్డుకునేది మళ్లీ ఆ పదో కారకాన్నే.

కొందరిలో సొంత ఒంటి మీదికే తిరగబడే ప్రతిరక్షకాలుంటాయి. వారికి సిరల్లో గడ్డలు, పదేపదే గర్భస్రావాలు. ఆ ప్రతిరక్షకాల ఆచూకీ తీయడానికి ల్యాబుల్లో వాడేది కూడా పలచన చేసిన రక్తపింజరి విషమే. విచిత్రమేమిటంటే, ఒంట్లో గడ్డలు కట్టే ఆ రక్తం తాలూకు ప్లాస్మా గొట్టంలో మాత్రం ఆలస్యం చేస్తుంది. పదో కారకానికి ఆసరాగా నిలిచే ఫాస్ఫోలిపిడ్ అనే కొవ్వును ప్రతిరక్షకాలు ఆక్రమించుకోవడమే కారణం. ఇంకాస్త ఫాస్ఫోలిపిడ్ కలిపితే ఆ ఆలస్యం తగ్గుతుంది. అంతమాత్రాన జబ్బని తేల్చరు. కనీసం 12 వారాలు ఆగి మళ్లీ పరీక్షిస్తారు.