కర్లింగా, చదువా అని అడిగే తల్లిదండ్రులకు

కెనడాలోని కాల్గరీలో జూనియర్లకు కర్లింగ్ నేర్పిస్తాను. మంచు మీద రాయిని జార్చి, దాని ముందు చీపురుతో రుద్దుతూ గురికి చేర్చే ఆట ఇది. పిల్లలు పదకొండో గ్రేడ్‌కు రాగానే మన తెలుగు తల్లిదండ్రులు నన్ను పక్కకు పిలిచి ఒకటే మాట అంటారు: "ఇక చదువు మీద పడాలండీ, ఆట మాన్పించేస్తాం." ఈ మాట విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది.

అపోహ: పై స్థాయికి వెళ్లాలంటే చదువూ ఉద్యోగమూ వదిలేయాలి.

వాస్తవం: అక్కర్లేదు. 2014 సోచీ ఒలింపిక్స్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా స్వర్ణం గెలిచిన కెనడా స్కిప్ (జట్టు కెప్టెన్) జెన్నిఫర్ జోన్స్ లాయరు. 2006లోనూ 2010లోనూ స్వీడన్‌కు స్వర్ణం తెచ్చిన అనెట్ నార్‌బెర్గ్ యాక్చువరీ, అంటే బీమా లెక్కలు కట్టే నిపుణురాలు. 2018లో గెలిచిన అమెరికా జట్టులో టైలర్ జార్జ్ మద్యం దుకాణం మేనేజరు, లీడ్ (మొదట రాళ్లు వేసేవాడు) జాన్ లాండ్‌స్టైనర్ ఇంజినీరు. 2022లో బ్రిటన్ స్వర్ణ జట్టులో ఆడిన విక్కీ రైట్ నర్సు. కోవిడ్ రోజుల్లో ఆసుపత్రి డ్యూటీ కూడా చేసింది.

వీళ్లు ఉద్యోగాలు మానకపోవడానికి కారణం డబ్బే. వచ్చిన ప్రైజ్ మనీ జట్టంతా పంచుకోవాలి. ఎంట్రీ ఫీజులు, విమాన టికెట్లు, హోటళ్లు పోగా మిగిలేది తక్కువ. ప్రభుత్వ భృతి జాతీయ స్థాయిలో కొద్దిమందికే అందుతుంది. ఫుల్‌టైమ్‌గా ఆడేవాళ్లు లేరని కాదు, బ్రిటన్, చైనా లాంటి దేశాలు జాతీయ ఆటగాళ్లను పోషిస్తాయి. ఇక్కడ మాత్రం చాలామంది శుక్రవారం ఆఫీసు నుంచే బాన్‌స్పీల్‌కు (కర్లింగ్ టోర్నమెంట్‌కు) బయల్దేరి, ఆదివారం రాత్రికి ఇల్లు చేరి, సోమవారం మళ్లీ డ్యూటీకి వెళతారు. ఏడాది లీవులన్నీ చలికాలానికే దాచుకుంటారు. అందుకే చదువు ఆపేసి ఆడతానన్న కుర్రాడికీ నేను వద్దనే చెబుతాను.

మా క్లబ్‌లో ఒక అమ్మాయి ఉండేది. రాయి హ్యాండిల్‌ను గడియారంలో పది చూపించే వైపు పెట్టి, వదిలే క్షణానికి సరిగ్గా పన్నెండుకు తెచ్చేది. వేలు ఎక్కడా తగిలేది కాదు, రాయి ఊగేది కాదు. అంత శుభ్రమైన రిలీజ్ ఆ వయసులో అరుదు. మార్కులు బాగానే వస్తున్నాయి, అయినా ఇంట్లో మాన్పించారు. తర్వాత ఇంజినీరింగ్‌లో చేరి చూస్తే ఆ యూనివర్సిటీకే కర్లింగ్ జట్టు ఉంది! మళ్లీ ఆడతానని వచ్చేసరికి పాత జట్టు వేరే అమ్మాయితో కుదురుకుంది. నలుగురి ఆటలో ఖాళీ అయిన చోటు ఎవరి కోసమూ ఆగదు. వాళ్ల నాన్నగారిని నేను తప్పుపట్టలేను. ఇంత దూరం వచ్చిందే పిల్లల చదువు కోసం, భయం ఉండదా? కానీ "కర్లర్లకు వేరే బతుకుండదట" అని వాట్సాప్ గ్రూపుల్లో తిప్పేవాళ్ల మీద మాత్రం ఒళ్లు మండుతుంది. వాళ్లలో ఒక్కరైనా రింక్‌కు వచ్చి చూశారా?

అపోహ: ఇరవై దాటితే అంతే.

2006లో కెనడాకు స్వర్ణం తెచ్చిన జట్టులో రస్ హోవార్డ్ ఉన్నాడు. వయసు 50.

అపోహ: స్కిప్‌కే భవిష్యత్తు, మిగతావాళ్లు చీపురు పట్టేవాళ్లు.

మంచి లీడ్, సెకండ్ (రెండో వంతు రాళ్లు వేసేవాళ్లు) కోసం జట్లు వెతుక్కుంటాయి. ఒలింపిక్స్ అయిన ప్రతిసారీ చాలా జట్లు విడిపోయి కొత్తగా కట్టుకుంటాయి, అప్పుడు ముందు ఫోన్లు వెళ్లేది గట్టిగా స్వీప్ చేసేవాళ్లకే.

అపోహ: ఇరవై కిలోల రాయి పిల్లలు ఎత్తలేరు.

ఎత్తక్కర్లేదు, మంచు మీద జారుతుంది. చిన్నపిల్లలకు తేలిక రాళ్లు ఉంటాయి.

మొదటి ఏడాది బ్రష్, స్లైడర్ (మంచు మీద జారేందుకు బూటు కింద తొడిగేది) కొనకండి, చాలా క్లబ్బుల్లో ఇస్తారు. జీన్స్ వద్దు, సాగే ప్యాంటు వేసి పంపండి. బయట తొడగని శుభ్రమైన బూట్లు, ఒక హెల్మెట్ చాలు. చెప్పులకు అంటిన ఇసుక రేణువు ఒక్కటి మంచు మీద పడినా రాయి దారి తప్పుతుంది, కాబట్టి మీరు గాజు అద్దం వెనక నుంచే చూడండి.